ఆమాట వచ్చిన రోజులు

మా ఆవిడ పోయాక నాకు మొదట కోపం వచ్చింది కుక్కర్ మీద. మూడు విజిళ్ళకి దించాలో నాలుగింటికి దించాలో నాకు తెలియదు. ముప్పై నాలుగేళ్ళు పోర్టులో క్రేన్ నడిపినవాణ్ణి, ఓడ కడుపులోంచి బొగ్గు తోడి బయట పోసినవాణ్ణి, గ్లాసుడు బియ్యం ఉడకబెట్టుకోలేక చతికిలబడ్డాను. అన్నం ముద్దయితే తిట్టేవాణ్ణి, పలుకయితే తిట్టేవాణ్ణి. తిట్టి, ఎవరైనా విన్నారా అని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. వినడానికి ఎవరున్నారు, నా మొహం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు. పుట్టింది కోనసీమలో. ఉద్యోగం పేరు చెప్పి విశాఖపట్నం వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. ఆవిడది ఇక్కడి సముద్రం ఒడ్డు ఊరే, వాళ్ళ నాన్న పడవ మీద వేటకి వెళ్ళేవాడు. ఆ పెళ్ళికి మా వాళ్ళెవరూ రాలేదు. మేం కూడా వాళ్ళ గడప తొక్కలేదు. కంచరపాలెంలో రైలు పట్టాలకి రెండు వీధుల ఇవతల రెండు గదుల డాబా కట్టుకున్నాం. పిల్లలు లేరు. ఆవిడ డాబా మీద ప్లాస్టిక్ డ్రమ్ముల్లో మట్టి పోసి కాకర పందిరి వేసింది. రోజూ ఆకుల మీద పడ్డ బొగ్గు నుసిని తడిగుడ్డతో తుడిచేది. పిచ్చిదానా, ఆకులకి కూడా స్నానాలేంటే అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

నిరుడు వానాకాలంలో జ్వరం వచ్చింది, మూడు రోజుల్లో మనిషి చేతుల్లోంచి జారిపోయింది. పన్నెండో రోజు భోజనాలయ్యాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఇంట్లో నేనూ, టీవీ. టీవీలో వార్తలు చదివే అమ్మాయితో కూడా పోట్లాడుతున్నానని ఒక రోజు గమనించుకున్నాను. సందు చివర టీ కొట్టుకి పూటకి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. టీ కోసం కాదు. "ఏటి బావా, ఎలాగున్నావు?" అని ఆ కొట్టతను అడుగుతాడు, అందుకు.

చీరలు ఎవరికైనా ఇచ్చేద్దామని ఒక ఉదయం బీరువా తీశాను. కలరా ఉండల వాసన మొహాన కొట్టింది. చీరల అడుగున నాలుగు డైరీలు కనిపించాయి. షిప్పింగ్ ఏజెంట్లు కొత్త సంవత్సరానికి మా డిపార్ట్‌మెంట్‌లో పంచిపెట్టేవారు, నేను తెచ్చి ఇంట్లో పడేసేవాణ్ణి. వాటిని ఆవిడ వాడుకుందని నాకు తెలియనే తెలియదు. ఏడో తరగతి దాకా చదివింది. మాట్లాడినట్టే రాస్తుంది. మొదటి డైరీ తెరిస్తే గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది:

"ఈయాల ఆమాట రానేదు."

కింద ఇంకో రోజు: "పొద్దుటే ఆమాట వచ్చింది. ఆయన డూటీకి ఎల్లిపోనారు. నానొక్కదాన్నే."

ఇంకో పేజీ: "నాలుగు రోజులై ఆమాట నేదు. మనసు బాగోనేదు."

ఇంకోటి: "ఆమాట వచ్చింది గానీ ఉండనేదు. ఆయన కేకలేసీసరికి పోయింది."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఏ మాటో నాకు తెలుసు. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్కటే మాట.

ఇరవై ఆరేళ్ళ కిందటి సంగతి. ఆవిడ చెల్లెలికి మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. పిల్లకి మూడు నెలలు. నెత్తి నిండా జుట్టు. చూడటానికి వెళ్ళొచ్చిన రోజు ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ అంది: "ఆ పిల్లని మనం తెచ్చుకుందుమండి. సెల్లి ఇత్తానంతంది. నాను పెంచుకుంతాను." చేతిలో గరిటె అలాగే పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. నేను కంచంలోంచి తల ఎత్తకుండా, "ఆ మాట మళ్ళీ ఎత్తకు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ పులుసు వేసి లోపలికి వెళ్ళింది. మళ్ళీ ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు. నేను కూడా, పీడా పోయింది, మర్చిపోయింది అనుకున్నాను.

మర్చిపోలేదన్నమాట. ఏళ్ళ తరబడి ఆ మాట ఆవిడ నోటి దాకా వస్తూ, నా కేకలకి బెదిరి వెనక్కి పోతూ ఉందన్నమాట. వచ్చిన రోజు వచ్చిందని, రాని రోజు రాలేదని రాసుకుంది. ఆ రోజు నేను అన్నం వండుకోలేదు. టీ కొట్టుకి వెళ్ళలేదు.

తర్వాత రెండు వారాలు ఆ డైరీలే నాకు లోకం. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ చదవడం, నన్ను నేను తిట్టుకోవడం. ఒక చోట ఇలా ఉంది: "ఆయన మందు కొట్టేరు. ఆమాట పోయింది. ఎవులకి సెప్పుకోను." నేను పెద్ద తాగుబోతునేం కాదు. ఎవరైనా రిటైరైతేనో, ఎవరి ఇంట్లోనైనా పెళ్ళయితేనో ఒక గ్లాసు. అలాంటి రోజే ఒకసారి తూలుతూ ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులతోనే పడుకున్నాను. ఆ రోజు అడుగుదామనుకుందేమో. ధైర్యం కూడగట్టుకుని కూర్చుందేమో. నేను ఆ వాలకంలో వచ్చాను. ఛీ, ఎందుకు బతికానురా అనిపించింది.

అర్థంకానివీ ఉన్నాయి. "గోడ మీద ఆమాట." గోడ మీద మాటేంటి? "ఆమాట రెండు. అంటుకుని ఉన్నాయి. పొద్దల్లా." రెండు మాటలు అంటుకోవడమేంటి? నేను మాత్రం తక్కువవాణ్ణా, దానికీ ఒక అర్థం లాక్కొచ్చాను. పిల్లని తెచ్చుకోవడం ఒక మాట, నన్ను వదిలి వెళ్ళిపోవడం రెండో మాట, రెండూ పొద్దంతా ఆవిడ మనసులో ముడిపడి ఉన్నాయని. అలా అనుకున్న రోజు ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని బావురుమని ఏడ్చాను.

ఆ తర్వాత ఈ ముక్క కనిపించింది: "ఈయాల పందిరి కింద ఆమాట నాలుగు."

నాకు ఒళ్ళు మండింది. నలుగురూ చేరి నా పెళ్ళాన్ని పందిరి కింద కూర్చోబెట్టి, పిల్లల్లేరని తలో మాటా అన్నారన్నమాట! డైరీ చంకలో పెట్టుకుని డాబా మీదకి వెళ్ళాను. పక్కింటావిడ హార్బరు నుంచి చేపలు తెచ్చి వీధుల్లో అమ్ముతుంది. అప్పుడే వాళ్ళ డాబా మీద ఎండు చేపలు ఆరబోస్తోంది. పిట్టగోడ మీంచే అడిగేశాను.

"మా ఆవిడతో పందిరి కింద నలుగురూ చేరి ఏ మాట అనేవారమ్మా మీరు?"

ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఏటి బాబూ, పొద్దున్నే ఏటయింది మీకు? మా మీద పడతారేటి?"

"రాసుకుందమ్మా అన్నీ. ఇదిగో. నాలుగు మాటలని రాసింది."

"రాత్తే రాసింది. ఆయమ్మ మాతో కూకుని కబుర్లు సెప్పీ మడిసేటి? గాజు సీసా ఒకటి అట్టుకుని పందిరి కింద పురుగుల్ని సూసుకునీది. మేం నవ్వీవోలం. ఎదురింటి మేడమ్మగారూ ఆయమ్మా ఇద్దరే. ఏటి మాటాడుకున్నారో ఆవిణ్ణే ఎల్లి అడగండి."

అని చేపలు తిరగేసుకుంటూ, "పాపం, మతి సెడిపోనాది" అని ఎవరితోనో అన్నట్టు అంది. నాకు వినిపించాలనే అంది.

ఎదురింటి పై వాటాలో ఒక మేడమ్ ఐదేళ్ళు అద్దెకి ఉండేవారు. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక ఆనందపురం దగ్గర చిన్న ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఆవిడ మధ్యాహ్నాలు అటు వెళ్తుందని నాకు తెలుసు. చదువుకున్నావిడతో నీకేం పని, నిన్ను చూసి నవ్వుతుంది అని ఒకటి రెండు సార్లు దెప్పిపొడిచాను కూడా. మేడమ్‌తో నేను ఎన్నడూ నాలుగు ముక్కలు మాట్లాడిన పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున్నే నాలుగు డైరీలూ సంచిలో వేసుకుని ఆనందపురం బస్సెక్కాను. జంక్షన్లో దిగితే బంతిపూల మూటలు ఆటోల్లోకి ఎక్కిస్తున్నారు. దారి అడుక్కుంటూ వెళ్ళాను. ఇంటి వెనకాలే ఎవరిదో చామంతి తోట. మేడమ్ వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. మా ఆవిడ పోయిందని మేడమ్‌కి తెలియదు. చెప్పాను. చేతిలో కాయలు చేటలో పడేసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"ఎవరూ చెప్పలేదు సార్ నాకు" అన్నారు. నిజమే. ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. ఈవిడ ఒకరున్నారని నాకు గుర్తొస్తే కదా.

మంచినీళ్ళు తాగాక డైరీ తీసి ఇచ్చాను. "మీతోనే మాట్లాడేదట. ఇందులో ఒక మాట గురించి రాసుకుంది. ఆ మాట మీతో ఏమని చెప్పుకుందో అడుగుదామని వచ్చాను."

మేడమ్ రెండు పేజీలు తిప్పారు. ఏడుస్తూనే పెదవుల మీదకి నవ్వొచ్చింది. ఇంకో పేజీ తిప్పి పైకే నవ్వేశారు.

"నవ్వుతారేంటండీ? మనిషి కుమిలి కుమిలి రాసుకుంటే మీకు నవ్వొస్తోందా?"

"అయ్యో, కోప్పడకండి సార్. ఇది ఆ మాట కాదు. అమాటా. పురుగు పేరు."

మేడమ్ లేచి, "రండి, చూపిస్తాను" అని చామంతి తోట గట్టు మీదకి తీసుకెళ్ళారు. పది అడుగులు నడవక ముందే ఒక పువ్వు మీద చూపించారు. వేలి గోరంత పొడవుంటుందేమో. నల్లటి రెక్కలు, ఆ నలుపులో అక్కడక్కడ గాజు కిటికీల్లాంటి మచ్చలు. పొట్ట చుట్టూ పసుపు పట్టీలు. రెక్కలు చాపుకుని కదలకుండా కూర్చుంది.

"కందిరీగ" అన్నాను.

"అందరూ అలాగే అనుకుంటారు. అలా అనుకుని పిట్టలు వదిలెయ్యాలనే దీనికా వేషం. కుట్టడం రాదు పాపం. చిమ్మట సార్ ఇది. బట్టలు కొట్టీసే చిమ్మటా కాదు, లైటు చుట్టూ తిరిగేదీ కాదు. ఎండలోనే తిరుగుతాది."

ఆ గట్టు మీదే నిలబడి, క్లాసులో చెప్పినట్టు చెప్పుకొచ్చారు. పురుగులకి పెట్టే శాస్త్రం పేరు మన తెలుగువాళ్ళ పేర్లలాగే ఉంటుందట. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. అమాటా అన్నది ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో ఎన్నో రకాలున్నాయి. యూరప్‌లో ఉన్నాయి, ఆఫ్రికాలో ఉన్నాయి. మన వైపు శ్రీలంక నుంచి హిమాలయాల దాకా, అక్కణ్ణుంచి బర్మా, చైనా, జపాను, కిందికి ఆస్ట్రేలియా దాకా ఉన్నాయి. అమెరికా వైపు మాత్రం లేవట. ఆ ఇంటిపేరు కోసం కూడా శాస్త్రవేత్తలు కొట్టుకున్నారు. కొందరు ఇంకో పేరుతో పిలిచారు గానీ ముందు పెట్టిన పేరే చివరికి నిలిచింది.

"వీటిని మొదట్లో వేరే కుటుంబంగా ఉంచేవాళ్ళు సార్. తర్వాత ఒళ్ళంతా చారలుండే పులి చిమ్మటల కుటుంబంలో కలిపేశారు. కొన్నాళ్ళకి ఆ కుటుంబాన్నే తీసుకెళ్ళి ఇంకో పెద్ద కుటుంబంలో పడేశారు. ఇదంతా చెప్తే మీ ఆవిడ ఏటన్నాదో తెలుసా? 'దాన్ని అడిగి మార్సేరా మేడమ్?' అన్నాది."

ఆ మాట అచ్చం ఆవిడదే. విన్నట్టే ఉంది నాకు.

"మరి మా డాబా మీదకొచ్చే దాని సొంత పేరేంటి?" అని అడిగాను.

"అది తేలలేదు. వీటిలో చాలా రకాలు పైకి ఒక్కలాగే ఉంటాయి. ఖాయంగా తెలియాలంటే చంపి, పొట్ట కోసి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఆవిడ ఒప్పుకోలేదు. 'ఇంటిపేరు తెలిసింది గదా, సాల్లెండి' అన్నాది."

వాకిట్లోకి తిరిగొచ్చి కూర్చుని డైరీలు మళ్ళీ మొదటి నుంచి చదివాను. చిక్కులన్నీ విడిపోయాయి. గోడ మీద కూర్చున్నది అదే. రెండు అంటుకుని ఉన్నాయంటే జత కట్టాయి. అవి జత కడితే పొద్దంతా అలాగే ఉండిపోతాయని మేడమ్ కాస్త సిగ్గుపడుతూ చెప్పారు. పందిరి కింద నాలుగంటే నాలుగే. పక్కింటావిడ ముందు నా పరువు పోయిందంతే.

మందు కొట్టడం కూడా గుర్తొచ్చింది. గ్లాసు కాదు, పంపు. పందిరి కింద కందిరీగలు తిరుగుతున్నాయని నేనే పురుగుల మందు తెచ్చి డ్రమ్ముల చుట్టూ, ఆకుల మీద, గోడ మీద కొట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అయి కందిరీగలు కావండి, ఏటీ సెయ్యవండి" అంది. నీకేం తెలుసు నోర్ముయ్ అన్నాను. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. తలనొప్పి అంది. నేను నమ్మాను.

అయినా సరే, అబద్ధం ఎందుకు, గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆవిడ ఆ పిల్ల కోసం ఏళ్ళ తరబడి కుళ్ళి కుళ్ళి ఏడవలేదు. పురుగుల్ని చూసుకుంది, సంతోషపడింది, రాసుకుంది. అంతే. మేడమ్ పెట్టిన చిక్కుడుకాయ కూరతో కడుపునిండా అన్నం తిన్నాను. రెండు వారాల తర్వాత తిన్న తిండి అది. ఒకరు వడ్డిస్తే తినడం నిరుటి తర్వాత అదే మొదలు.

సంచి సర్దుకుని లేచాను. లేచినవాణ్ణి ఊరికే వెళ్ళిపోవచ్చు కదా. నిలబడి అడిగాను.

"ఒక్కటి చెప్పండి మేడమ్. పిల్లల సంగతి గానీ, నా మీద కష్టం గానీ, ఎప్పుడైనా మీతో అందా?"

"లేదు సార్. ఎప్పుడూ లేదు." మేడమ్ కంచాలు తీస్తూ ఆగారు. "ఒక్కసారి మాత్రం. నేను ఈ పేరు మొదట చెప్పిన రోజు. పలకమంటే రెండు మూడు సార్లు పలికి, పకపకా నవ్వేసింది. ఏటమ్మా అంటే, 'ఆ మాట ఎత్తొద్దని మాయాయన ఎప్పుడో సెప్పేరు మేడమ్. ఇప్పుడు రోజూ ఎత్తుతన్నాను' అన్నాది. ఏ మాటని అడిగేను. 'అదే గదా, ఎత్తొద్దన్నారు' అని, పురుగు వైపు తిరిగిపోయింది. మళ్ళీ నేను అడగలేదు."

సంచి కింద పెట్టి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. తెలిసే రాసింది. రాసిన ప్రతిసారీ రెండూ తెలిసే రాసింది. నేను ఇంట్లో లేనప్పుడు, నాతో మాటల్లేని మనిషి అడిగితే కూడా, నేను వద్దన్న మాట నోటితో చెప్పలేదు. నాలుగు డైరీల నిండా రాసి నా ఇంట్లోనే పెట్టింది. నేను ఒక్క రోజు, ఒక్క రోజైనా, ఆ డైరీలు ఏం చేస్తున్నావే అని అడగలేదు.

"ఏ మాట సార్ అది?" అన్నారు మేడమ్.

చెప్పాను. చెల్లెలి మూడో పిల్ల అన్నాను. మూడు నెలల పిల్ల, నెత్తి నిండా జుట్టు, తెచ్చుకుందామని అడిగింది, నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నారని మేడమ్ అడగలేదు, అయినా చెప్పాను. లోపం నాదని డాక్టరు అప్పటికే చెప్పాడు. పిల్లని తెచ్చుకుంటే అది పదిమందికీ తెలుస్తుందని భయం. వీధి వీధంతా ఆవిణ్ణే గొడ్రాలని అంటుంటే వింటూ ఊరుకున్నాను. ఆవిడా ఊరుకుంది. ఆ పిల్ల నిరుడు ఆవిడ పన్నెండో రోజుకి వచ్చింది, నన్ను పెదనాన్నా అని పిలిచి, కంచంలో అన్నం కలిపి పెట్టింది. దాని మొహంలోకి చూడలేకపోయాను.

అంతా చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.